చీకట్లోనే కూసే కీచురాయి: రూమ్‌మేట్లను ఆటపట్టించే చిన్న సర్క్యూట్

లైటు ఆర్పి పడుకున్నాక గదిలో ఎక్కడో "క్ర్‌ర్‌ర్" అని ఒక చిన్న కూత. లేచి లైటు వేస్తే నిశ్శబ్దం. మళ్లీ ఆర్పితే, నిద్ర పట్టే వేళకి మళ్లీ అదే కూత. ఈ పని చేసే డబ్బాను ఒక ఆదివారం పూట కూర్చుని మీరే చేసుకోవచ్చు. మైక్రోకంట్రోలర్ అక్కర్లేదు, ప్రోగ్రాం రాయక్కర్లేదు. రెండు టైమర్ ఐసీలు (చిప్‌లు), వెలుతురుని బట్టి రెసిస్టెన్స్ మారే ఒక ఎల్‌డీఆర్, ఒక బజర్, గుప్పెడు రెసిస్టర్లు చాలు. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ముగ్గురు నలుగురు ఒకే గదిలో సర్దుకుని ఉండే మనవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. ఎవరో ఒకరు "రేయ్, కీచురాయి దూరిందిరా" అనే దాకా ఎవరికీ అనుమానం రాదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇలాంటివి చేసేవాళ్లలో ఎక్కువమంది శబ్దం గట్టిగా రావాలని చూస్తారు. అది తప్పు. గట్టిగా మోగితే అర నిమిషంలో దొరికిపోతుంది, పైగా పక్క గదివాళ్లతో గొడవ. శబ్దం చిన్నదిగా ఉండాలి, కొద్దిసేపే ఉండాలి, రెండు కూతల మధ్య చాలా ఎడం ఉండాలి. మనిషి చెవి 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దం ఎటునుంచి వస్తోందో పట్టడంలో బాగా తడబడుతుంది. అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలో శబ్దం రెండు చెవులకీ చేరే సమయంలోని తేడా దారి చూపిస్తుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో రెండు చెవులకీ వినపడే తీవ్రతలోని తేడా దారి చూపిస్తుంది. మధ్యలో ఈ రెండూ సరిగ్గా పనిచేయవు. బజార్లో దొరికే పీజో బజర్లు చాలావరకు సరిగ్గా ఈ మధ్యలోనే మోగుతాయి. శబ్దం ఆగకుండా వస్తుంటే మనం తల అటూ ఇటూ తిప్పి చోటు పట్టేస్తాం. సెకను లోపే ఆగిపోతే ఆ అవకాశం ఉండదు.

సామాను

ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్పీ రోడ్డుకి శనివారం వెళ్లండి, ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి. మెట్రోలో చిక్‌పేట గానీ కేఆర్ మార్కెట్ గానీ దిగి నడవచ్చు. షాపులో టైమర్ ఐసీ కోసం "555 ఇవ్వండి" అని మాత్రం అడగకండి. అలా అడిగితే చేతిలో పెట్టేది ఎన్ఈ555. మనకి కావాల్సింది దాని సీమాస్ (తక్కువ కరెంటుతో నడిచే) రకం: ఐసీఎం7555, టీఎల్‌సీ555, ఎల్ఎంసీ555లో ఏదైనా ఒకటి, రెండు పీసులు. "7555 ఇదెయా?" (ఉందా?) అని కన్నడంలో అడిగి, ఐసీ మీద అచ్చయిన నంబరు చదివి తీసుకోండి. మొదటి షాపులో లేకపోతే నాలుగు షాపులు తిరగండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడితే తర్వాత వచ్చే తంటాలు సగం దీనివల్లే వస్తాయి. ఎందుకో చెప్తాను.

హాన్స్ కామెంజిండ్ 1971లో డిజైన్ చేసిన 555 అసలు రూపం బైపోలార్ ట్రాన్సిస్టర్లతో ఉంటుంది. గట్టి ఐసీనే గానీ, ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నా 5 వోల్ట్ దగ్గర సుమారు 3 మిల్లీఆంపియర్లు తాగుతుంది, 9 వోల్ట్ దగ్గర ఇంకా ఎక్కువ. రెండు పెడితే 10 మిల్లీఆంపియర్ల దాకా పోతుంది. మంచి ఆల్కలైన్ 9 వోల్ట్ బ్యాటరీలో ఉండేది సుమారు 500 మిల్లీఆంపియర్ అవర్లు, అంటే రెండు రోజుల్లో ఖాళీ. సీమాస్ రకం తీసుకునేది మైక్రోఆంపియర్లలోనే, మోడల్‌ని బట్టి వంద రెండొందల చుట్టూ. అదే బ్యాటరీ నెల దాటి వస్తుంది.

మిగతా జాబితా: బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, 1ఎన్4148 డయోడ్ ఒకటి, ఎల్‌డీఆర్ ఒకటి, 3-24 వోల్ట్ యాక్టివ్ పీజో బజర్ ఒకటి, 9 వోల్ట్ బ్యాటరీ, దాని క్లిప్, చిన్న స్లైడ్ స్విచ్. రెసిస్టర్లు 1 మెగా ఓమ్, 33 కే (కే అంటే కిలో ఓమ్), 10 కే ఒక్కొక్కటి, 100 కే రెండు, 4.7 కే రెండు. కెపాసిటర్లు 100 మైక్రోఫారడ్ రెండు, 1 మైక్రోఫారడ్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ రెండు. పరీక్షకి ఒక ఎల్ఈడీ. సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డ్, జంపర్ వైర్లు మీ దగ్గర లేకపోతే అవి కూడా. మల్టీమీటర్ తప్పనిసరి, చవకదైనా పర్లేదు.

బజర్ కొనేటప్పుడు యాక్టివ్ అని గట్టిగా చెప్పండి. యాక్టివ్ దాంట్లో మోగించే సర్క్యూట్ లోపలే ఉంటుంది, కరెంటు ఇస్తే చాలు కూస్తుంది. పాసివ్ దాంట్లో అది ఉండదు. షాపులోనే బ్యాటరీ తగిలించి చూపించమనండి: కూస్తే యాక్టివ్, ఒక్కసారి "టిక్" అని ఊరుకుంటే పాసివ్.

మొదటి టైమర్: ఎప్పుడు కూయాలి

రెండు ఐసీలనీ బ్రెడ్‌బోర్డ్ మధ్య గాడి మీద కూర్చోబెట్టండి. గంటు ఎడమవైపు ఉండేలా పెడితే కింది వరుస ఎడమ చివర పిన్ 1, అక్కడి నుంచి కుడికి 4 దాకా, పై వరుసలో కుడి నుంచి ఎడమకి 5 నుంచి 8 దాకా. రెండింటి పిన్ 8 స్విచ్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కి, పిన్ 1 మైనస్‌కి (దీన్నే గ్రౌండ్ అంటాం). ఒక్కో ఐసీకి దగ్గరగా ప్లస్ మైనస్‌ల మధ్య ఒక 0.1 మైక్రోఫారడ్ పెట్టండి. ఒక 100 మైక్రోఫారడ్‌ని సప్లై మీద అడ్డంగా పెట్టండి.

ఇప్పుడు మొదటి ఐసీ. పిన్ 4 ప్లస్‌కి. పిన్ 2, పిన్ 6 రెండూ ఒక వైరుతో కలపండి. ఆ కలిసిన చోటునుంచి రెండో 100 మైక్రోఫారడ్ ప్లస్ కాలు పెట్టి, మైనస్ కాలు గ్రౌండ్‌కి ఇవ్వండి. పిన్ 3 నుంచి అదే చోటుకి 1 మెగా ఓమ్. మళ్లీ పిన్ 3 నుంచే డయోడ్, దాని తర్వాత 10 కే, అక్కడి నుంచి అదే చోటుకి. డయోడ్ మీది నల్ల గీత 10 కే వైపు ఉండాలి. పిన్ 7 ఖాళీ, పిన్ 5 కూడా ఖాళీ వదిలేయొచ్చు.

మామూలుగా పుస్తకాల్లో చూపించే సర్క్యూట్‌లో పిన్ 7 వాడతారు. ఇక్కడ కావాలనే మానేశాం. ఆ పద్ధతిలో, ఔట్‌పుట్ ఆఫ్‌లో ఉన్నంతసేపూ ప్లస్ నుంచి 10 కే మీదుగా పిన్ 7 లోకి సుమారు 0.9 మిల్లీఆంపియర్ వృథాగా కారిపోతుంది. మన టైమర్ ఎక్కువసేపు ఉండేది ఆఫ్‌లోనే కాబట్టి సీమాస్ ఐసీ కొన్న ఫలితం అక్కడే పోతుంది. పిన్ 3 నుంచే కెపాసిటర్‌ని నింపి, పిన్ 3 లోకే ఖాళీ చేస్తే ఆ నష్టం ఉండదు.

లెక్క ఇలా ఉంటుంది. ఔట్‌పుట్ ఆన్‌లో ఉన్నప్పుడు కెపాసిటర్ డయోడ్, 10 కే దారిలో గబగబా నిండుతుంది, సుమారు 0.8 సెకను. ఆఫ్ అయ్యాక డయోడ్ దారి మూసుకుంటుంది, 1 మెగా ఓమ్ లోంచే మెల్లగా ఖాళీ అవ్వాలి: 0.693 × 1 మెగా ఓమ్ × 100 మైక్రోఫారడ్, సుమారు 69 సెకన్లు. అంటే నిమిషానికి కాస్త అటుగా ఒక కూత. రెండు నిమిషాలకి పైగా ఎడం కావాలంటే 2.2 మెగా ఓమ్ పెట్టండి. కూత ఇంకా పొట్టిగా కావాలంటే 10 కే బదులు 4.7 కే.

పరీక్షించేటప్పుడు ప్రతిసారీ నిమిషం పైన ఎదురు చూడక్కర్లేదు. 1 మెగా ఓమ్ తీసి తాత్కాలికంగా 100 కే పెట్టండి, ఎడం 7 సెకన్లకి తగ్గుతుంది. పిన్ 3 నుంచి 4.7 కే, ఎల్ఈడీ పెట్టి గ్రౌండ్‌కి ఇచ్చి చూడండి. ఏడు సెకన్లకోసారి ముప్పావు సెకను వెలిగితే ఇది అయిపోయినట్టే. ఎల్ఈడీ తీసేయండి. చివరిదాకా ఎల్ఈడీ వదిలేస్తే చీకట్లో పట్టిచ్చేది అదే.

రెండో టైమర్: ఎలా కూయాలి

బజర్‌ని నేరుగా ముప్పావు సెకను మోగిస్తే "బీప్" అంటుంది, యూపీఎస్ అనుకుంటారు. కీచురాయి కూతలో చిన్న చిన్న ముక్కలు వరసగా వస్తాయి. ఆ ముక్కల పని రెండో ఐసీది. దీని పిన్ 2, 6 కలపండి, అక్కడి నుంచి 1 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కి, పిన్ 3 నుంచి అక్కడికి 33 కే. అంతే. ఇది సెకనుకి సుమారు 22 సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. కొన్ని బజర్లు ఈ వేగానికి అందుకోలేక గరగరమంటాయి, అప్పుడు 33 కే బదులు 47 కే పెట్టి కాస్త నెమ్మదింపజేయండి. ఇక్కడ కాసేపు ఆగి చెవితో సరిచేసుకోండి, సర్క్యూట్ మొత్తంలో చేతిపని కనిపించేది ఇక్కడే.

పిన్ 3 నుంచి 4.7 కే మీదుగా బీసీ547 బేస్‌కి. ఎమిటర్ గ్రౌండ్‌కి. బజర్ ప్లస్ కాలు సప్లై ప్లస్‌కి, మైనస్ కాలు కలెక్టర్‌కి. బీసీ547 చదును ముఖం మీవైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్.

చీకటి సంగతి

నాకు ఈ సర్క్యూట్‌లో అన్నిటికంటే నచ్చే చోటు ఇది. మొదటి ఐసీ పిన్ 3 నుంచి 100 కే తీసుకుని రెండో ఐసీ పిన్ 4కి ఇవ్వండి. అదే పిన్ 4 నుంచి గ్రౌండ్‌కి ఎల్‌డీఆర్. పిన్ 4 రీసెట్ పిన్. అక్కడ వోల్టేజీ సుమారు 1 వోల్ట్ కంటే కింద ఉన్నంతసేపూ ఐసీ నోరెత్తదు.

లైటు ఉన్నప్పుడు ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ కొద్ది కిలో ఓమ్‌లే. మొదటి టైమర్ ఆన్ అయినా 100 కే, 3 కే మధ్య పంచుకుంటే పిన్ 4కి దక్కేది పావు వోల్ట్. చీకట్లో ఎల్‌డీఆర్ మెగా ఓమ్ దాకా పోతుంది, పిన్ 4కి దాదాపు పూర్తి వోల్టేజీ అందుతుంది. అంటే టైమర్ ఆన్ అవ్వాలి, చీకటీ ఉండాలి, రెండూ కలిస్తేనే కూత. ఒక రెసిస్టర్, ఒక ఎల్‌డీఆర్‌తో లాజిక్ గేట్ పని అయిపోయింది.

ఎల్‌డీఆర్‌ని మొదటి ఐసీ రీసెట్‌కి పెడితే సులువు కదా అనిపిస్తుంది. అలా చేస్తే లైటు ఆర్పిన మరుక్షణమే కూస్తుంది, ఎందుకంటే అప్పటికి కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది. లైటుకీ శబ్దానికీ సంబంధం ఉందని ఎవరైనా వెంటనే కనిపెట్టేస్తారు. మన పద్ధతిలో మొదటి టైమర్ పగలూ రాత్రీ తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది. లైటు ఆర్పాక మొదటి కూత ఐదు సెకన్లకి రావచ్చు, నిమిషానికి రావచ్చు.

మోగకపోతే, ఆగకపోతే

అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష: మల్టీమీటర్‌ని మిల్లీఆంప్ రేంజ్‌లో పెట్టి, బ్యాటరీ ప్లస్‌కీ సర్క్యూట్‌కీ మధ్యలో సీరీస్‌గా కలపండి. గదిలో లైటు ఉండగా చూడండి. సగం మిల్లీఆంపియర్ లోపు చూపిస్తే ఐసీలు సీమాస్‌వే. ఐదు, పది చూపిస్తే మీకు అంటగట్టింది ఎన్ఈ555. ఇది బ్యాటరీ ఒక్కదాని సమస్య కాదు. ఎన్ఈ555 రీసెట్ పిన్ లోంచి బయటికి వచ్చే కరెంటు ఎక్కువ, దాన్ని ఎల్‌డీఆర్ 1 వోల్ట్ కిందికి లాగలేకపోవచ్చు, కాబట్టి లైటు వేసినా కూత ఆగదు. అలాగే దాని పిన్ 2 లోంచి కారే చిన్న కరెంటు 1 మెగా ఓమ్ దగ్గర పెద్ద తేడా తెస్తుంది, ఎడం అడ్డదిడ్డంగా మారుతుంది, ఒక్కోసారి టైమర్ ఆగిపోతుంది కూడా. బ్యాటరీ త్వరగా అయిపోవడం, లైటుకి ఆగకపోవడం, టైమింగ్ తప్పడం: ఈ మూడూ కలిసి కనిపిస్తే ఇంకేమీ వెతక్కండి, ఐసీలు మార్చండి.

ఒక నిమిషం పైన ఆపకుండా కూసి, ఒక క్షణం ఆగి, మళ్లీ మొదలుపెడుతోందా? డయోడ్ తిరగబడింది. నిండడం నెమ్మదిగా, ఖాళీ అవడం గబగబా జరుగుతోంది. తీసి తిప్పి పెట్టండి.

ఏడు సెకన్ల పరీక్షలో బాగుండి, 1 మెగా ఓమ్ పెట్టగానే లెక్క తప్పితే రంగులు చూడండి. గోధుమ, నలుపు, ఆకుపచ్చ అయితే 1 మెగా ఓమ్. గోధుమ, నలుపు, నారింజ అయితే 10 కే. ట్యూబ్‌లైట్ కింద ఆ చివరి రంగు సులువుగా పొరపాటు పడుతుంది, మల్టీమీటర్‌తో కొలవడమే మంచిది. ఎడం 69 బదులు యాభై, అరవై సెకన్లు వస్తే కంగారు పడకండి. మనం వాడిన 100 మైక్రోఫారడ్ లాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో కాస్త లీకేజీ ఉంటుంది, విలువలో కూడా పది ఇరవై శాతం తేడా మామూలే.

బజర్ కూత బదులు "టకటక" మంటే అది పాసివ్ బజర్. అసలేమీ వినపడకపోతే బజర్ మైనస్ కాలు కలెక్టర్ నుంచి తీసి నేరుగా గ్రౌండ్‌కి తాకించండి. అప్పుడు మోగితే తప్పు ట్రాన్సిస్టర్ దగ్గరుంది. బీసీ547 లేదని షాపువాళ్లు ప్లాస్టిక్ 2ఎన్2222 ఇచ్చి ఉంటే దాని కాళ్ల వరస సాధారణంగా ఉల్టా, ఎమిటర్ ఎడమ చివర ఉంటుంది. అప్పుడు కూడా మోగకపోతే బ్రెడ్‌బోర్డ్ పక్కనుండే సప్లై పట్టీని అనుమానించండి. పొడుగు బోర్డుల్లో చాలావాటికి ఆ పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, ఎర్రగీత కూడా అక్కడ ఆగుతుంది. రెండు సగాలనీ చిన్న వైరుతో కలపండి.

చీకట్లో కూడా నోరు విప్పకపోతే, ఎల్‌డీఆర్‌ని బోర్డు నుంచి తీసేసి చూడండి. ఇప్పుడు కూస్తే మీ గది మీరనుకున్నంత చీకటి కాదు. బెంగళూరులో వీధిలైట్లు, ఎదురు అపార్ట్‌మెంట్ లైట్లు పరదాల సందుల్లోంచి వస్తూనే ఉంటాయి. ఎల్‌డీఆర్‌ని కిటికీ వైపు కాకుండా లోపలి గోడ వైపు తిప్పండి, లేదా 100 కే విలువ 68 కేకి తగ్గించండి. దీనికి వ్యతిరేకమైన సమస్య ఫోన్ టార్చ్. లైటు వేయకుండా టార్చ్‌తో వెతికితే గోడ మీదనుంచి పడే పలచని వెలుతురుకి సర్క్యూట్ ఆగకపోవచ్చు. అప్పుడు 100 కే బదులు 220 కే పెట్టి చూడండి. మీ గదికి సరిపడే విలువ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. 470 కే ప్రీసెట్ (విలువ మార్చుకోగల రెసిస్టర్) పెట్టుకుంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పుకుని తేల్చుకోవచ్చు.

జీరో పీసీబీ (రంధ్రాల బోర్డు) మీదికి సోల్డర్ చేశాక టైమింగ్ మారితే, సోల్డర్‌తో వాడే ఫ్లక్స్ బోర్డు మీద మిగిలి ఉంటుంది. అది తేమ పీల్చుకుని 1 మెగా ఓమ్‌కి పక్కదారి అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. ఐసీలని నేరుగా సోల్డర్ చేయకుండా ఎనిమిది పిన్నుల బేస్ పెట్టండి.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. లోపలున్నది ఏమిటో చూడగానే తెలియాలి, ఎల్‌డీఆర్‌కి వెలుతురూ అందుతుంది. బజర్ రంధ్రం మీద రెండు పొరల టేప్ వేస్తే శబ్దం గదికి సరిపడా తగ్గుతుంది. అల్మారా పైన గోడకి ఆనించి, లేదా మంచం తల వెనక పెట్టండి. అల్మారా లోపల పెడితే తలుపు వేయగానే చీకటి, పగలంతా కూస్తుంది. స్విచ్‌బోర్డులో, గీజర్ దగ్గర, ఫ్యాన్ మీద వద్దు. 230 వోల్ట్‌తో దీనికి ఏ సంబంధమూ ఉండకూడదు.

గది దాటి దీన్ని ఎక్కడా వదలకండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. 2024 మార్చి 1న బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో రామేశ్వరం కఫేలో ఒక బ్యాగులో పెట్టిన బాంబు పేలి మనుషులు గాయపడ్డారు. ఆ ఊళ్లో బ్యాటరీ, వైర్లు, టైమర్ ఉన్న డబ్బా దిక్కులేకుండా కూస్తూ కనిపిస్తే జనం పరుగులు పెడతారు, పోలీసులు వస్తారు. ఆఫీసు, మెట్రో, బస్సు, మాల్, ఎయిర్‌పోర్టు, ఎక్కడా వద్దు. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు కూడా బ్యాటరీ విడిగా పెట్టండి. బ్యాగు లోపల చీకటే కదా, స్విచ్ ఆన్‌లో ఉంటే అక్కడే మొదలుపెడుతుంది.

స్మోక్ అలారం శబ్దాన్ని అనుకరించకండి. ఒకసారి మోసపోయినవాళ్లు నిజంగా మోగిన రోజు పట్టించుకోరు. మీ ఫ్లోర్‌లో పసిపిల్లలో, పెద్దవాళ్లో ఉంటే పక్క గదికి వినపడుతుందేమో తలుపు మూసి బయట నిలబడి వినండి. శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాలకి పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకునేవాడి మీద, పొద్దున్నే ఇంటర్వ్యూ ఉన్నవాడి మీద దీన్ని ప్రయోగించకండి. రెండు రాత్రులు చాలు. మూడో రోజు మీరే తీసి చేతిలో పెట్టి ఎలా పనిచేస్తుందో చూపించండి. అందులో ఒకడైనా "మామా, నాకూ ఒకటి చేయాలని ఉంది" అంటాడు, వాడికి కొనాల్సిన ఐసీ నంబరు కాగితం మీద రాసివ్వండి.

పని అయ్యాక బ్యాటరీ తీసేయండి. విడిభాగాలు దాచుకుంటే ఇంకో ప్రాజెక్టుకి వస్తాయి. ఎల్‌డీఆర్ పాడైతే మాత్రం చెత్తబుట్టలో వేయకండి, అందులో ఉండేది కాడ్మియం సల్ఫైడ్. దాన్ని పాత బ్యాటరీలతో కలిపి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.